ఏ పరిశీలన వల్ల అంచనా ఎంత బాగుపడింది? కొలిచే పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి

సముద్రం కనిపించని హైదరాబాద్‌లో కూర్చునే మన దేశం సముద్రాన్ని చదువుతుంది. ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్‌కు (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 1999 నుంచి అదే పని. ఆర్గో ఫ్లోట్లు (నీళ్లలో మునిగి తేలుతూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే పరికరాలు), లంగరేసిన బాయ్‌లు, ఉపగ్రహాలు పంపే కొలతలు ఇక్కడి మోడళ్లలో కలుస్తాయి. ప్రవాహాలు, ఉష్ణోగ్రత, ఉప్పదనం అంచనాలుగా బయటికొస్తాయి. వీటిలో ఏ కొలత వల్ల అంచనా ఎంత బాగుపడిందో తేల్చమని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. పీహెచ్‌డీ గైడ్ అడగొచ్చు, నిధులిచ్చేవాళ్లు అడగొచ్చు. అప్పుడు విద్యార్థులు, కొత్తగా చేరిన ప్రాజెక్ట్ సైంటిస్టులు నేరుగా పద్ధతి దగ్గరికి వెళ్లిపోతారు: "ఓఎస్‌ఈ చేద్దామా, ఎఫ్‌ఎస్‌ఓఐ చేద్దామా?" ఈ రెండూ ఏమిటో కింద చెబుతాను.

నా సలహా ఏమిటంటే, పద్ధతి సంగతి తర్వాత. మీరు చెప్పే జవాబుతో ఎవరు ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో ముందు అడగండి. ఉన్న పరికరాలను కొనసాగించాలా, ఆపేయాలా అన్నది ప్రశ్న అయితే ఒక పద్ధతి. ఇంకా నీళ్లలో దిగని పరికరం కొనాలా అంటే ఇంకో పద్ధతి. రోజూ వచ్చే డేటాలో ఏది చెడిపోతోందో కనిపెట్టాలంటే మూడోది. ఈ మూడింటినీ కలిపేసి ఒకే బార్ చార్ట్‌తో జవాబివ్వబోతే చార్ట్ అందంగానే వస్తుంది కానీ నిర్ణయానికి పనికిరాదు.

ఉన్నదాన్ని తీసేసి చూడటం: ఓఎస్‌ఈ

అబ్జర్వింగ్ సిస్టమ్ ఎక్స్‌పరిమెంట్ అంటే పేరు పెద్దదే కానీ విషయం సులువు. మోడల్‌ను అన్ని పరిశీలనలతో ఒకసారి నడుపుతారు. ఒక రకం పరిశీలనలను, ఉదాహరణకు ఆర్గోను, ఆపేసి మళ్లీ నడుపుతారు. రెండింటి తప్పుల మధ్య తేడాయే ఆర్గో చేసిన మేలు. ఈ లెక్కను మంత్రిత్వ శాఖలో కూర్చున్నవాళ్లకు కూడా ఐదు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పొచ్చు. ఆ ఒక్క గుణం కోసమే ముందు దీన్ని పరిశీలించమంటాను.

పొరపాట్లు జరిగేది అమలులో. మొదటిది వ్యవధి. వాతావరణంలో ఒక పరిశీలన ప్రభావం కొన్ని రోజుల్లో చెరిగిపోతుంది. సముద్రానికి జ్ఞాపకం ఎక్కువ. జనవరి 1న ఆర్గో ఆపేసినా, ఆ రోజు ప్రారంభ స్థితిలో అంతకు ముందు ఏళ్ల ఆర్గో డేటా అంతా ఇమిడి ఉంటుంది. నెల రోజులు నడిపి "ఆర్గో లేకపోయినా పెద్ద తేడా లేదు" అని రాస్తే, కొలిచింది ఆర్గో మేలు కాదు, సముద్రపు జ్ఞాపకం. పై పొరల కోసమైనా మొదటి కొన్ని నెలల ఫలితాలు పక్కన పెట్టాలి. కనీసం ఒక ఏడాది పొడవునా నడిపితే తప్ప నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ లెక్కలోకి రావు. 1000 మీటర్ల కింద ఏం జరుగుతోందో చెప్పాలంటే ఏడాది కూడా చాలదు.

రెండోది, తప్పును దేనితో పోల్చి కొలుస్తున్నాం అన్నది. చాలా పేపర్లలో నాకు ముందుగా అనుమానం వచ్చేది ఇక్కడే. అన్ని పరిశీలనలతో నడిపిన మన మోడల్ విశ్లేషణనే సత్యం అనుకుని, ఆర్గో లేని రన్‌ను దానితో పోలిస్తే ఆర్గో గెలవక తప్పదు, ఎందుకంటే ఆ సత్యంలో ఆర్గో ముందే ఉంది. రెండు రన్‌లలోనూ కలపని డేటా కావాలి. కొన్ని ఫ్లోట్లను మొదటి నుంచీ పక్కన దాచి ఉంచొచ్చు. ప్రవాహాల కోసమైతే 15 మీటర్ల లోతున డ్రోగ్ (నీటిలో వేలాడే తెరచాప లాంటిది) కట్టి, ప్రవాహంతో కొట్టుకుపోయేలా వదిలిన డ్రిఫ్టర్లు ఉన్నాయి. వాటి వేగాన్ని చాలా వ్యవస్థలు మోడల్‌లో కలపవు కాబట్టి సాక్షిగా బాగా పనికొస్తాయి. అదీ వీలుకాకపోతే, పరిశీలన మోడల్‌లో కలవడానికి ముందే అంచనాతో పోల్చి ఆ తేడాలను దాచుకోవాలి. పూర్తిగా స్వతంత్రం కాకపోయినా ఇది నిజాయతీ గల కొలతే.

మూడోది, ఒకటి తీసేస్తే మిగతావి ఆ ఖాళీని పూడుస్తాయి. సముద్ర మట్టం ఎత్తు కొలిచే ఉపగ్రహ ఆల్టిమీటర్లలో ఇది బాగా తెలిసిన సంగతి. అసలు ఏదీ లేని చోట మొదటి ఆల్టిమీటర్ పెడితే అంచనా బాగా మెరుగుపడుతుంది. రెండోది, మూడోది చేర్చినా మేలే కానీ ఒక్కోసారి ఆ మేలు తగ్గుతూ వస్తుంది. అంటే "ఆల్టిమీటర్ విలువ ఎంత" అన్న ప్రశ్నకు ఒకే సంఖ్య లేదు. ఆకాశంలో ఇంకెన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. ఆల్టిమీటర్‌కూ ఆర్గోకూ మధ్య సంబంధం ఇంకా చిక్కు. ఆల్టిమీటర్‌కు సముద్ర మట్టం ఎత్తు తెలుసు. ఆ ఎత్తు వేడి వల్ల వచ్చిందా, ఉప్పదనం తేడా వల్ల వచ్చిందా, ఏ లోతులో వచ్చిందా అన్నది తెలిసేది ఆర్గోకు. అందుకే ఆర్గో లేని రన్, ఆల్టిమీటర్ లేని రన్, రెండూ లేని రన్ అని మూడూ చేయాలి. విడివిడి నష్టాల మొత్తం, రెండూ తీసేసినప్పటి నష్టంతో సమానం కానప్పుడే అసలు విషయం బయటపడుతుంది.

బంగాళాఖాతంలో ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్లు, వానలు కలిసి ఉప్పదనం తక్కువగా ఉన్న పలుచని పొరను పైన పరుస్తాయి. దాని కింద వేడి నిలిచిపోతుంది. తుపాను వచ్చి కలియబెట్టినా చల్లని నీళ్లు తొందరగా పైకి రావు. ఉపగ్రహం చూపించే ఉపరితల ఉష్ణోగ్రతకు ఇది తెలియదు. కాబట్టి తుపానుల కోసం పరిశీలనల మేలు కొలిచేటప్పుడు ఉపరితల ఉష్ణోగ్రత తప్పును కొలబద్దగా పెడితే ఆర్గోకు, బాయ్‌లకు అన్యాయం చేసినట్టే. 26 డిగ్రీల నీళ్లు ఎంత లోతు దాకా ఉన్నాయి, ఆ లోతు వరకు ఎంత వేడి దాగి ఉంది అన్నది కొలవండి.

అడగకుండానే జరిగిపోయిన ఓఎస్‌ఈ కూడా ఒకటుంది. ఉష్ణమండల పసిఫిక్‌లో ఎల్ నినోను కనిపెట్టే టావో బాయ్‌ల వరుసకు 2012 తర్వాత మరమ్మతు నౌక కరువై, 2014 నాటికి డేటా రాక సుమారు 40 శాతానికి పడిపోయింది. ఆ గండం వల్లే అక్కడి పరిశీలన వ్యవస్థ మొత్తాన్ని కొత్తగా ఆలోచించారు. మన వైపు హిందూ మహాసముద్రంలో బాయ్‌లకు ఇంకో బాధ: వాటి కింద చేపలు చేరతాయి, చేపల కోసం పడవలు చేరతాయి, తాళ్లు తెగుతాయి, సెన్సర్లు పోతాయి. ఇలా డేటా ఆగిపోయిన నెలలను వృథా చేసుకోకండి. ఆ ముందూ తర్వాతా అంచనా తప్పులు ఎలా మారాయో చూస్తే అదనపు కంప్యూటర్ ఖర్చు లేకుండా సగం ఓఎస్‌ఈ దొరుకుతుంది. అయితే ఆ నెలల్లో సముద్రం కూడా మారి ఉంటుంది కాబట్టి దాన్ని సాక్ష్యంగా వాడండి, తీర్పుగా కాదు.

ఖర్చు మాట. ఒక్కో రన్ అంటే ఏడాది పొడవు అసిమిలేషన్ (పరిశీలనలను మోడల్‌లో కలిపే పని) మొత్తం మళ్లీ నడపడమే. పది రకాల డేటా ఉంటే పది రన్‌లు. ఎవరి దగ్గరా అంత కంప్యూటర్ టైమ్ ఉండదు. పైగా ఒక వ్యవస్థలో వచ్చిన ఫలితం ఆ వ్యవస్థకే చెందుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి సముద్ర దశాబ్దం కింద నడుస్తున్న సిన్‌ఆబ్స్ ప్రాజెక్టులో వేర్వేరు దేశాల కేంద్రాలు ఒకే పథకం ప్రకారం ఓఎస్‌ఈలు నడుపుతున్నాయి.

వాటాలు పంచే పద్ధతి: ఎఫ్‌ఎస్‌ఓఐ

ఎఫ్‌ఎస్‌ఓఐ అంటే ఫోర్‌కాస్ట్ సెన్సిటివిటీ అబ్జర్వేషన్ ఇంపాక్ట్. 2004లో అమెరికా నేవీ పరిశోధకులు లాంగ్లాండ్, బేకర్ వాతావరణ మోడళ్ల కోసం చూపించిన దారి ఇది. పరిశీలనలు కలిపాక రేపటి అంచనా తప్పు ఎంత తగ్గిందో లెక్కేసి, అడ్జాయింట్ మోడల్‌తో (ఫలితం నుంచి కారణం వైపు నడిచే మోడల్) ఆ తగ్గుదలను వెనక్కి నడిపించి, ఒక్కో పరిశీలనకు ఒక్కో వాటా పంచుతారు. దేన్నీ తీసేయనక్కర్లేదు. ఒకే ఊపులో ప్రతి ఫ్లోట్‌కు, ప్రతి ఉపగ్రహానికి, ప్రతి లోతుకు సంఖ్య వస్తుంది.

ఎఫ్‌ఎస్‌ఓఐ స్కోర్‌కార్డ్ లాంటిది, ఆ మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పరుగులు చేశారో చెబుతుంది. ఓఎస్‌ఈ ఆ బ్యాట్స్‌మన్ లేకుండా సిరీస్ ఆడి చూడటం. యాభై కొట్టినవాణ్ని తీసేస్తే జట్టు యాభై పరుగులు తగ్గుతుందని ఎవరూ అనరు కదా. రెండు పద్ధతుల సంఖ్యలు కలవడం లేదని కంగారు పడే విద్యార్థులు చాలామంది ఉంటారు. ప్రశ్నలు వేరు కాబట్టి అవి కలవాల్సిన పని లేదు.

ఇందులో మొదటిసారి చూసినవాళ్లకు షాక్ ఇచ్చే సంగతి ఒకటుంది. వాతావరణ మోడళ్లలో మేలు చేసే పరిశీలనలు మొత్తంలో సగం కంటే కొంచెం ఎక్కువే, అంతే. మిగతావి ఆ రోజుకు కీడు చేసినట్టు కనబడతాయి. ఆ సగాన్ని తీసి పారేయకూడదు. ప్రతి కొలతలో తప్పుంటుంది, మోడల్‌లో ఉంటుంది, పోల్చే సత్యంలోనూ ఉంటుంది. ఒక్కో పరిశీలన విషయంలో బొమ్మాబొరుసుకు దగ్గరగానే ఉంటుంది. వేలకు వేలు కలిస్తేనే మేలు తేలుతుంది. ఒక ఫ్లోట్ నెలల తరబడి అదే పనిగా కీడు వైపే ఉంటే మాత్రం దాని సెన్సర్‌ను అనుమానించండి. ఉప్పదనం సెన్సర్ల కొలతలు కాలంతో పాటు మెల్లగా తప్పుదారి పట్టడం ఆర్గోలో అందరికీ తెలిసిన ఇబ్బందే. రోజువారీ నిఘాకు ఎఫ్‌ఎస్‌ఓఐని మించింది లేదనేది ఇందుకే.

పరిమితి కూడా అక్కడే ఉంది. అడ్జాయింట్ లెక్క చిన్న మార్పులు సరళరేఖలో పెరుగుతాయన్న ఊహ మీద నిలబడుతుంది, అందుకే తక్కువ రోజుల అంచనాలకే నమ్మకం. ఆర్గో ఫ్లోట్ 2000 మీటర్ల లోతు నుంచి పైకి కొలుచుకుంటూ వస్తుంది. 1500 మీటర్ల దగ్గరి ఉప్పదనం కొలత ఒకటి రెండు రోజుల అంచనాను ఏం మారుస్తుంది? దాని వాటా దాదాపు సున్నా వస్తుంది. దాన్ని చూపించి లోతు కొలతలు దండగ అని వాదించేవాళ్లను నమ్మకండి. ఆ కొలత విలువ నెలల మీద, ఏళ్ల మీద తేలుతుంది.

అడ్జాయింట్ మోడల్ రాయడం, దాన్ని బతికించుకోవడం పెద్ద తలనొప్పి. రోమ్స్ అనే ప్రాంతీయ సముద్ర మోడల్ వాడేవాళ్లకు, పరిశీలనలు కలిపే 4డీ-వార్ పద్ధతితో పాటు అది సిద్ధంగా దొరుకుతుంది. లేనివాళ్లకు ఎన్‌సెంబుల్ దారి ఉంది, అంటే ఒకే మోడల్‌ను కొద్ది తేడాలతో చాలాసార్లు నడపడం. మేరీలాండ్ యూనివర్సిటీలో యూజీనియా కల్నే బృందం అభివృద్ధి చేసిన ఈ పద్ధతిలో అడ్జాయింట్ చేసే పనిని ఎన్‌సెంబుల్ సభ్యుల మధ్య సంబంధాలే చేస్తాయి. హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు ఇది దగ్గరి దారి, ఎందుకంటే ఇన్‌కాయిస్ ప్రాంతీయ విశ్లేషణ రోమ్స్ మీద ఎల్‌ఈటీకేఎఫ్ అనే ఎన్‌సెంబుల్ ఫిల్టర్‌తోనే తయారవుతుంది. ఒక జాగ్రత్త: ఎన్‌సెంబుల్ చిన్నది కాబట్టి దూరాన ఉన్న సంబంధాలను కత్తిరించాల్సి వస్తుంది. పరిశీలన ప్రభావం మాత్రం ప్రవాహంతో పాటు కదిలిపోతుంది. రెండు రోజుల్లో ఎడ్డీ (సముద్రపు సుడి) జరిగిపోయాక కూడా కత్తిరింపు పరిధి పాత చోటే ఉంటే ఆ పరిశీలనకు దక్కాల్సిన వాటా గాల్లో కలుస్తుంది.

డీఎఫ్‌ఎస్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఫర్ సిగ్నల్) అని ఇంకోటి ఉంది. విశ్లేషణను ఏ డేటా ఎంత లాగిందో చెబుతుంది, అంచనా బాగుపడిందో లేదో చెప్పదు. చవక. మొదటి వారంలో చేసి, ఏ రన్‌లు చేయడం దండగో తెలుసుకోవడానికి వాడుకోండి.

ఇంకా లేనిదాని విలువ: ఓఎస్‌ఎస్‌ఈ

పరికరం ఇంకా కాగితం మీదే ఉన్నప్పుడు తీసేసి చూడటానికి ఏమీ ఉండదు. అప్పుడు ఒక అబద్ధపు సముద్రం కావాలి. ఓఎస్‌ఎస్‌ఈ (అబ్జర్వింగ్ సిస్టమ్ సిమ్యులేషన్ ఎక్స్‌పరిమెంట్) అంటే అదే. ఎక్కువ రిజల్యూషన్ ఉన్న మోడల్‌ను ఏ డేటా కలపకుండా స్వేచ్ఛగా నడిపి, అదే సత్యం అనుకుంటారు. దానిలోంచి రాబోయే పరికరం ఏం కొలుస్తుందో, ఎంత తప్పుతో కొలుస్తుందో తయారుచేసి, వేరే మోడల్‌లో కలిపి చూస్తారు. సముద్ర మట్టాన్ని వెడల్పైన పట్టీలుగా కొలవడానికి 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం మీద ఇలాంటి ప్రయోగాలు దాని ప్రయోగానికి ముందే చాలా జరిగాయి.

ఇక్కడ మోసపోవడం చాలా తేలిక. సత్యం కోసం, అంచనా కోసం ఒకే మోడల్‌ను వాడితే రెండింటికీ ఒకే లోపాలు ఉంటాయి, ఏ పరికరం పెట్టినా అద్భుతంగా పనిచేసినట్టే కనబడుతుంది. కొత్త పరికరానికి నిధులు అడిగేవాళ్లకు ఓఎస్‌ఎస్‌ఈ మీద ఉన్న ప్రేమలో కొంత ఇక్కడి నుంచే వస్తుందని నా అనుమానం. దీనికి పరీక్ష ఒకటుంది: ఇప్పటికే ఉన్న ఆర్గోనో ఆల్టిమీటర్‌నో అబద్ధపు సముద్రంలోనూ తీసేసి చూడండి. నిజమైన ఓఎస్‌ఈలో వచ్చినంత నష్టమే ఇక్కడా రావాలి. ఆ పరీక్ష లేని ఓఎస్‌ఎస్‌ఈ ఫలితాన్ని నేనైతే పట్టించుకోను.

సముద్రపు మంచు దగ్గర లెక్క మారుతుంది

హైదరాబాద్ నుంచి మంచు సముద్రం చాలా దూరం. కానీ అంటార్కిటికాలో ఒడ్డునే ఉన్న మన భారతి స్టేషన్‌కు ఏటా సరుకు మోసే నౌక మంచు ఎక్కడ ఎంత ఉందో తెలియకుండా కదలలేదు. ఈ సమస్య మీద పనిచేయాలనుకునే విద్యార్థులు ఇక్కడా ఉన్నారు. వాళ్లు సముద్రపు అలవాట్లను అలాగే మంచుకు తీసుకుపోతే దెబ్బతింటారు.

మంచు పరపు, అంటే ఒక చోట ఎంత శాతం నీటిని మంచు కప్పిందన్నది, సున్నా కంటే తగ్గదు, నూరు శాతం దాటదు. మధ్యలో ఎక్కడ చూసినా దాదాపు నూరే ఉంటుంది. అక్కడ ఏ పరిశీలనా కొత్తగా చెప్పేది ఏమీ లేదు. కథంతా అంచు దగ్గరే నడుస్తుంది. కాబట్టి ధ్రువ ప్రాంతమంతటా సగటు తప్పు లెక్కేస్తే అసలు తేడా ఆ సగటులో మునిగిపోతుంది. 15 శాతం పరపును అంచు అనుకుని, మోడల్ అంచుకూ నిజమైన అంచుకూ మధ్య పొరబడిన వైశాల్యాన్ని కూడే ఐఐఈఈ కొలత వాడండి. నౌక నడిపేవాళ్లకు కావాల్సిందీ అదే.

ఏ డేటాను పరీక్షిస్తున్నారన్నదీ ముఖ్యం. మంచు పరపు కొలతలు మైక్రోవేవ్ ఉపగ్రహాల నుంచి 1970ల చివరి నుంచీ వస్తున్నాయి. అయితే వేసవిలో మంచు మీద కరిగిన నీటి మడుగులను అవి ఖాళీ సముద్రం అనుకుంటాయి. మంచు మందం కథ వేరు. 2010లో వెళ్లిన క్రయోశాట్-2 ఉపగ్రహం మందమైన మంచును బాగా చూస్తుంది, 2009లో వెళ్లిన స్మాస్ ఉపగ్రహం పలుచని మంచును బాగా చూస్తుంది. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది కాబట్టి ఇక్కడా ఒక్కోటి విడిగా, రెండూ కలిపి తీసేసే రన్‌లు కావాలి. ఆర్కిటిక్ మందం కొలతలు ప్రధానంగా చలికాలానివే. కానీ వాటి మేలు కనిపించేది సెప్టెంబరులో, మంచు కనిష్ఠానికి చేరినప్పుడు. బ్రిటన్ మెట్ ఆఫీస్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఫలితాల్లో, చలికాలపు క్రయోశాట్ మందాన్ని కలిపి మొదలుపెట్టిన 2011-2015 వేసవి అంచనాల్లో ఐఐఈఈ 37 శాతం దాకా మెరుగైంది. రెండు రోజుల ఎఫ్‌ఎస్‌ఓఐతో ఈ మేలును పట్టుకోవడం అసాధ్యం. పైగా గడ్డకట్టడం, కరగడం, పగలడం ఇవేవీ సరళరేఖలో నడిచేవి కావు. మంచు మోడల్ అడ్జాయింట్లు మొండికేసేది అక్కడే. మంచు కోసమైతే సందేహించకుండా ఓఎస్‌ఈ వైపే వెళ్లండి, అంచనా వ్యవధి నెలల్లో పెట్టండి.

మంచు కింది సముద్రాన్ని చూసేవాళ్లు తక్కువ. ఫ్లోట్ పైకి రాలేదు. అంటార్కిటికా వైపు వాడే ఫ్లోట్లు పైన మంచు ఉందని నీటి ఉష్ణోగ్రతను బట్టి అనుమానించి వెనక్కి తిరిగిపోతాయి. ఆ లోటును కొంత తీర్చేవి తలమీద సెన్సర్ అంటించుకుని ఈదే ఎలిఫెంట్ సీల్స్. ఈ డేటా చాలా కొద్ది కాబట్టి దాన్ని మోడల్‌లో కలపాలా, పరీక్ష కోసం దాచుకోవాలా అన్నది నిజంగా కష్టమైన ఎంపిక. నేనైతే దాచుకుంటాను.

ఇద్దరే ఉన్నారు, ఏడాదే ఉంది అనుకుంటే

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో, ఇంకో చోటో చిన్న బృందం అనుకుందాం. ముందు ప్రశ్నను ఒక్కటికి కుదించండి. అలల ఎత్తు అంచనా మీద బాయ్‌ల ప్రభావం అనే ప్రశ్న తీసుకోకపోతే మంచిది. అక్కడ గాలి అంచనాదే పెత్తనం, కలిపిన కొలత ప్రభావం త్వరగా పోతుంది. దూరపు దక్షిణ సముద్రం నుంచి వచ్చే పొడవాటి అలల (స్వెల్) విషయంలోనే కొంచెం ఎక్కువ నిలుస్తుంది. బంగాళాఖాతం పై పొరల వేడి, ఉప్పదనం మంచి ప్రశ్న.

డీఎఫ్‌ఎస్‌తో మొదలుపెట్టి, దాన్ని బట్టి నాలుగు రన్‌లు మాత్రమే ఎంచుకోండి: అన్నీ ఉన్నది, ఆర్గో లేనిది, ఆల్టిమీటర్ లేనిది, రెండూ లేనిది. మొదలుపెట్టే ముందే ఏ ఫ్లోట్లను పరీక్షకు దాచారో జాబితా రాసి పెట్టండి. ఫలితం చూశాక మార్చే అవకాశం మీకే ఇచ్చుకోకండి. ఎన్‌సెంబుల్ వ్యవస్థ ముందే ఉంటే చివరి రెండు నెలలకు ఎన్‌సెంబుల్ ఎఫ్‌ఎస్‌ఓఐ కూడా నడపండి. లేకపోతే దాని కోసం ఏడాదిని బలిపెట్టకండి. సముద్రంలో ఎడ్డీలు వాటంతట అవే చెదురుతాయి. ఏ డేటా తీయకుండా ప్రారంభ స్థితిని కాస్త కదిపినా రెండు రన్‌లు విడిపోతాయి. ఆ విడిపోయే మొత్తం ఎంతో ఒకసారి కొలిచి, అంతకన్నా చిన్న తేడాలను ఫలితాల పట్టికలోకి రానివ్వకండి. ఇక ఓఎస్‌ఎస్‌ఈ: ఎవరైనా కొత్త పరికరం కొనే డబ్బు నిజంగా చేతిలో పెట్టుకుని అడిగినప్పుడు చూద్దాం.